లింగన్న టార్చిలైటు, నేనడిగిన రసీదు

పాసయ్యాను! బీకాం పాసయ్యాను! అదీ సెకండ్ క్లాసులో!

ఈ పొద్దున పోస్టాఫీసులో మా కంపెనీ పెట్టె తాళం తీసేసరికి అన్ని ఉత్తరాల మీదా ఒక టెలిగ్రాం ఉంది. మా ఊళ్లో టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. గబగబా విప్పాను. మూడే మాటలు: పాస్డ్, సెకండ్ క్లాస్. కింద మా ఆవిడ శారద పేరు. అక్కడే, ఆ ఇనుప పెట్టెల వరసల ముందు, గట్టిగా అరిచేశాను. పక్కపెట్టె తీసుకుంటున్న మలయాళీ ఆయన ఉలిక్కిపడి, "క్యా హువా భాయ్, లాటరీ?" అన్నాడు. "అంతకన్నా పెద్దది" అన్నాను తెలుగులోనే. ఆయనకేం అర్థమైందో గానీ నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

మా నాయన తాళ్లెక్కి కల్లు గీస్తాడు. మా అమ్మ బీడీలు చుడుతుంది. మా ఇంటిపేరున్న వాళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాడు నాకు ముందు లేడు. నేనైనా నేరుగా రాలేదు. దుబాయ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, పోస్టులో వచ్చే పాఠాలు చదువుకుంటూ, సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లి పరీక్షలు రాస్తూ, ఒక పేపరు తప్పి, మళ్లీ రాసి, ఇదిగో ఇన్నాళ్లకు.

మన సంఘం సంచికకు 'ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి' ఒకటి రాసివ్వమని సెక్రటరీగారు అడిగి చాలా కాలమైంది. రేపు మాపు అని తప్పించుకుంటూ వచ్చాను. రాయాల్సిన సంగతి ఏదో నాకు మొదటినుంచీ తెలుసు. అది సంతోషమైనది కాదు. ఇవాళ మనసు ఇంత ఎత్తున ఉంది కాబట్టి రాయగలననిపించి కూర్చున్నాను.

అది ఎనభై నాలుగో సంవత్సరం. మా కంపెనీ ఆఫీసు దుబాయ్‌లోనే సత్వా అనే పేటలో ఉండేది. బిల్డింగులు కట్టే కంపెనీ. నేను టైమ్‌కీపర్‌ని. అంటే పొద్దున బస్సులు సైటుకు చేరగానే ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఓవర్‌టైం చేశారు అని హాజరు రాసేవాణ్ణి. జీతం లెక్క దాని మీదే ఉంటుంది గనక అందరూ నాతో మంచిగా ఉండేవాళ్లు. ఇంకో పని కూడా నాదే: పోస్టు తేవడం.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ ఇంటికి రాడు. ప్రతి కంపెనీకీ పోస్టాఫీసులో ఒక పీవో బాక్స్, అంటే నంబరున్న తాళంపెట్టె ఉంటుంది. వందలమంది కూలీలకు వచ్చే ఉత్తరాలన్నీ కంపెనీ నంబరు మీదే ఆ ఒక్క పెట్టెలో పడతాయి. వాటిని నేను రెండు కుప్పలు చేసేవాణ్ణి. చేత్తో అడ్రసు రాసిన కవర్లు, నీలం ఎయిర్ లెటర్లు మనవాళ్ల ఇళ్లనుంచి వచ్చినవి. అవి గుడ్డసంచిలో వేసుకుని క్యాంపుకు తీసుకెళ్లేవాణ్ణి. ఇంగ్లీషులో టైపు చేసి ఉన్న కవర్లు ఆఫీసువి. అవి ముదీర్ టేబుల్ మీద పెట్టాలి. ముదీర్ అంటే మేనేజరు. మా ముదీర్‌ని అందరం అబూ సమీర్ అనేవాళ్లం. టైపు చేసిన కవరు ఎవరి పేరు మీదున్నా ఆయనే చించుతాడు. అది ఆఫీసు రూలు.

లింగన్న మా కంపెనీలో స్కఫోల్డింగ్ పని చేసేవాడు. లేచే బిల్డింగు చుట్టూ ఇనుప పైపులతో చట్రం కడతారు కదా, అదే. మెట్‌పల్లి దగ్గర ఊరు. పైపుల మీద ఆయన ఎక్కుతుంటే నాకు మా నాయన తాడెక్కుతున్నట్టే ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. ఆ యేడు ఆయన సెలవు మీద ఇంటికి వెళ్లాలి. టికెట్టు వచ్చింది. తిరిగొచ్చాక స్కఫోల్డింగ్ ఫోర్‌మన్‌ని చేస్తానని అబూ సమీర్ అందరి ముందూ చెప్పాడు. మన జిల్లా మనిషి మా కంపెనీలో ఫోర్‌మన్ కావడం అదే మొదలయ్యేది.

సెలవు మీద వెళ్లేవాడి పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోంచి బయటికొస్తుంది. తిరిగి రావాల్సినవాడైతే వీసా అలాగే ఉంచి ఇస్తారు. వద్దనుకుంటే క్యాన్సిల్ ముద్ర కొట్టి ఇస్తారు. విమానం ఒకటే, టికెట్టు ఒకటే. తేడా అంతా ఆ ముద్రలోనే.

ఇక సామాను సంగతి. మనవాళ్లలో ఒకడు ఇంటికి పోతున్నాడంటే ఆ సూట్‌కేసు అతనొక్కడిది కాదు, రూము మొత్తానిది. ఒకడు అమ్మకు చీర ఇస్తాడు, ఒకడు తమ్ముడికి గడియారం, ఇంకొకడు అత్తరు సీసా. అందరూ కలిసి శుక్రవారం బజారుకు పోయి, అన్నీ పోయేవాడి సంచిలో వేసి, తర్వాత రూములో కూర్చుని ఎవరిది ఎంతైందో తేల్చుకుంటారు. బజారులో మనవాళ్ల దుకాణాల్లో ఇది నడిచిపోయేది. దుకాణదారు మధ్యలో కూర్చుని ఎవరేం తీశారో చూస్తూనే ఉంటాడు.

ఆ శుక్రవారం మాత్రం వాళ్లు కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కు వెళ్లారు. ఏసీ చల్లగా ఉంటుందని. లింగన్నతోపాటు ఆయన రూములో ఉండే రాజేశం కూడా వెళ్లాడు. రాజేశం కొత్తగా వీసా మీద వచ్చిన కుర్రవాడు, హిందీ కూడా సరిగా రాదు. వాళ్ల నాయన రాత్రిళ్లు పొలానికి నీళ్లు కట్టడానికి పోతాడని మూడు బ్యాటరీల టార్చిలైటు ఒకటి ఎంచుకున్నాడు. "నువ్వే కొంటవోతవు గదనే" అని లింగన్న చేతిసంచిలో పడేశాడు. సంచిలోదంతా లింగన్న బిల్లులో వస్తుందని అతననుకున్నాడు. కౌంటరు దగ్గర లింగన్న తోపుడుబండిలోవన్నీ తీసి పెట్టాడు. సంచిలోది రాజేశం ముందే బిల్లు చేయించి వేశాడని ఈయననుకున్నాడు. తలుపు దగ్గర గార్డు సంచి తెరిచాడు.

వెనకగదిలో కూర్చోబెట్టి, టార్చిలైటు వెనక్కి తీసుకుని, లేబర్ కార్డు చూసి కంపెనీ పేరు, బాక్స్ నంబరు రాసుకుని, ఏదో ఇంగ్లీషు కాగితం మీద లింగన్న సంతకం పెట్టించుకుని పంపేశారు. డబ్బులిస్తామంటే తీసుకోలేదు. పోలీసును పిలవలేదు. అక్కడితో ఖలాస్ అనుకున్నారు ఇద్దరూ. సిగ్గుపడి క్యాంపులో ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు మా పెట్టెలో టైపు చేసిన కవరొకటి వచ్చింది. పైన లింగన్న పేరు, కాగితాల్లో ఉన్నట్టు లింగయ్య అని. రూలు ప్రకారం అది అబూ సమీర్ టేబుల్ మీదికి పోవాలి. మూలన సూపర్ మార్కెట్ బొమ్మ చూసి, ఏ లాటరీ కూపనో అనుకుని, గుడ్డసంచిలో వేశాను. మనిషి పేరున్న ఉత్తరం మనిషికే చేరాలి కదా అనిపించింది. ఆ పని తప్పని ఇప్పటికీ అనుకోను.

శుక్రవారం మధ్యాహ్నం. లింగన్న రూములో మటన్ ఉడుకుతోంది. లింగన్నకు ఇంగ్లీషు రాదు గనక మంచం మీద కూర్చుని నేనే కవరు చించి చదివాను. చదువుతుంటే నా గొంతు మారిందేమో, గరిటె పట్టుకున్నవాడు తిప్పడం ఆపాడు.

"ఏముందే తమ్మీ అండ్ల?" అన్నాడు లింగన్న.

"మూడు వందల దిర్హాములు కట్టాలంట అన్నా. రెండు వారాల్లో. లేకపోతే పోలీసుకూ మన కంపెనీకీ చెప్తామంటున్నారు."

అప్పుడు చెప్పారు టార్చిలైటు కథ. రాజేశం తల పైకెత్తలేదు. "లైటు ఆళ్ల తాననే ఉన్నది గద సారూ, మరి పైసలు దేనికి?" అన్నాడు చిన్నగా.

"లైటు ఖరీదు కాదు. గార్డు జీతం, దొంగల్ని కనిపెట్టే అద్దాలు, రాతకోతలు, వాటి ఖర్చులో మన వంతట."

"పట్టుకున్నందుకు కూలి గూడ మనమే ఇయ్యాల్నా?" అని పై మంచం మీదినుంచి ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. లింగన్న నవ్వలేదు. మూడు వందలంటే ఆయన నెలజీతంలో సగం.

ఇలాంటిదాన్ని డిమాండ్ లెటర్ అంటారు. ఇన్ని రోజుల్లో ఇంత కట్టు, లేకపోతే చర్య తీసుకుంటాం అని రాసే ఉత్తరం. నా పాఠాల్లో కమర్షియల్ లా పుస్తకంలో ఆ మాట అప్పుడప్పుడే చదివాను. నష్టం జరిగితే నష్టం అడగొచ్చు. వస్తువు వాళ్ల చేతిలోనే ఉంటే నష్టమేది? మర్నాడు అన్నానికి వదిలిన గంటలో ఆఫీసు టైపు మిషన్ మీద జవాబొకటి కొట్టాను. మీ వస్తువు మీకు అప్పుడే అందింది, ఇద్దరు మనుషులు ఒకరు కడతారని ఇంకొకరు అనుకుని పొరబడ్డారు, డబ్బు ఇస్తామన్నా మీరే తీసుకోలేదు, ఇక మూడు వందలు దేనికో లెక్క చూపించండి అని. టైపు చేస్తుంటే ఎంత హుషారో! నా చదువు మొదటిసారి ఒకరికి పనికొస్తోంది.

సాయంత్రం తీసుకెళ్లి, "అన్నా, దీని మీద సంతకం పెట్టు, చదువుతా విను" అన్నాను.

"చదువుడెందుకు, చింపెయ్యి" అన్నాడు లింగన్న.

"అదేంటన్నా?"

"మేం మాట్లాడుకున్నం. పైసలు గట్టేస్తం. పీడ వోతది."

"కట్టాల్సిన పని లేదన్నా. కట్టకపోతే వాళ్లేం చెయ్యలేరు, నాకు తెలిసినంతవరకు."

"తెలిసినంతవరకు అంటే? పరీచ్చ రాసినవా?"

"ఇంకా లేదు. వచ్చే యేడు."

"పాస్ గానోని మాట మీద నా టికెట్టు వెట్టాల్నా?" అన్నాడు. ఈసారి ఆయన కూడా నవ్వాడు. రూమంతా నవ్వింది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు: "తమ్మీ, నీది పుస్తకం. నాది పాస్‌పోర్టు. అబూ సమీర్ చెవుల వడకముందే అయిపోవాలె. చింపు."

చింపాను. ఏం రాశానో చదివి వినిపించకుండానే చింపాను.

రూములో అందరూ తలా కొంత వేశారు. రాజేశం ఆ నెల ఇంటికి పంపాల్సింది మొత్తం పెట్టాడు. నేను తోడు వెళ్లాను. సూపర్ మార్కెట్ మేనేజరు బొంబాయి మనిషి. పైన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. హిందీలో ఎంతో ప్రేమగా మాట్లాడాడు.

"చూడు భాయ్, పోలీసుల గొడవ ఎవరికి కావాలి? మీకూ వద్దు, మాకూ వద్దు. అమెరికాలో పెద్ద పెద్ద షాపులన్నీ ఇప్పుడిలాగే చేస్తున్నాయి. ఒక ఉత్తరం, ఒక ఫీజు. ఖలాస్."

లింగన్న నోట్లు లెక్కపెట్టి ఇచ్చి లేవబోయాడు. నేను లేవలేదు.

"రసీదు ఇవ్వండి" అన్నాను.

"పోదాం పా తమ్మీ, రసీదెందుకు?" అన్నాడు లింగన్న తెలుగులో.

"అట్లా కాదన్నా. డబ్బు కట్టినట్టు కాగితం లేకపోతే రేపు మళ్లీ అడిగితే?" అకౌంటెన్సీ మొదటి పాఠమే అది: వోచరు లేకుండా పైసా కదలకూడదు. జవాబు చింపించుకున్న ఉక్రోషం కూడా కొంత ఉందేమో. చదువుకున్నవాణ్ణి తోడు తెచ్చుకున్నందుకు ఈ ఒక్కటైనా సరిగా జరగాలి అనుకున్నాను.

మేనేజరు మొహం కొంచెం మారింది. "రసీదు పుస్తకం అకౌంట్స్‌లో ఉంది. పోస్టులో పంపిస్తాం. అదే అడ్రసేనా?"

"అదే" అన్నాను. "ముద్ర వేసి పంపండి."

పెట్టె తాళం నా జేబులోనే ఉంటుంది. వచ్చిన రోజు తీసి లింగన్న చేతిలో పెడతాను. అంతే కదా అనుకున్నాను.

ఆ వారం నన్ను ఫుజైరాకు పంపారు. అక్కడ క్వారీ దగ్గర కంపెనీ కొత్త షెడ్లు వేస్తోంది. అక్కడి కూలీల హాజరు సరిచూసి రమ్మన్నారు. తాళం ఆఫీసులో చాయ్ ఇచ్చే ముసలాయన చేతిలో పెట్టి వెళ్లాను. ఆయనకు చదువు రాదు. చేత్తో రాసినవి ఒకవైపు, టైపు చేసినవి ఒకవైపు అని రూలు మాత్రం తెలుసు. పాపం, రూలు ప్రకారమే చేశాడు.

నేను తిరిగొచ్చేసరికి అబూ సమీర్ టేబుల్ మీద రసీదు విప్పి ఉంది. నేనడిగినట్టే చక్కగా ముద్ర వేసి ఉంది. ఫలానా లింగయ్య, ఫలానా కంపెనీ, మా షాపులో జరిగిన దొంగతనం విషయమై పరిష్కార రుసుము పూర్తిగా చెల్లించినందుకు.

"షూ హాదా, సత్యం?" అన్నాడు అబూ సమీర్. ఇదేమిటి అని. కోపంగా కూడా లేడు. దానికే భయమేసింది.

చెప్పాను. టార్చిలైటు, సంచి, ఒకరు కడతారని ఇంకొకరు అనుకుని ఇద్దరూ పొరబడటం అన్నీ చెప్పాను.

"పొరపాటైతే డబ్బెందుకు కట్టాడు?"

"భయపడి కట్టాడు ముదీర్."

"భయపడ్డవాడు, దొంగిలించినవాడు, ఇద్దరూ ఇలాగే కడతారు. ఈ కాగితం చూసి ఎవరు ఎవరో నాకెలా తెలుస్తుంది?" అని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "మొదటి ఉత్తరం వచ్చిన రోజే నా దగ్గరికి తెచ్చి ఉంటే ఆ షాపువాడికి ఫోన్ చేసి నేనే నాలుగు తిట్టి ఉండేవాణ్ణి. నా మనిషిని డబ్బడగడానికి నువ్వెవరు అని. ఇప్పుడేం చెప్పను? మీ లింగయ్య ఒప్పుకున్నాడని వాడు కాగితం చూపిస్తాడు."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

లింగన్నను పిలిపించాడు. వెనకే పిలవకుండానే రాజేశం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ముదీర్ హిందీలో నాలుగు మాటలే అన్నాడు. బ్యాంకు బిల్డింగు కాంట్రాక్టు వచ్చింది, ఏ ఫిర్యాదూ లేని మనుషులే కావాలని బ్యాంకువాళ్లు రాసిచ్చారు, ఈ కాగితం ఉన్న మనిషిని ఫోర్‌మన్‌గా కాదు, కూలీగా కూడా పంపలేను. టికెట్టు మీద వెళ్లు. తిరిగి రావద్దు. పాస్‌పోర్టు క్యాన్సిల్ ముద్రకు అప్పుడే పంపేశాడు.

అప్పుడు రాజేశం ముందుకొచ్చాడు. "సారూ, లైటు నాది! నేనే సంచిల ఏసిన! అన్నకేం ఎర్కలే! నన్ను పంపుండ్రి!" అన్నాడు. అంతా తెలుగులోనే. వాడికి వేరే భాషేది?

అబూ సమీర్ నావైపు చూశాడు. "ఏమంటున్నాడు?"

నేను నోరు తెరవబోతుంటే లింగన్న నన్ను చూడకుండానే, గోడకేసి చూస్తూ, నెమ్మదిగా అన్నాడు: "వాని మాట చెప్పకు తమ్మీ. చెప్తె ఇద్దరం పోతం. ఒక్కడన్న ఉండనియ్యి."

గదిలో నాలుగు భాషలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఏమంటున్నాడు?" అని ముదీర్ మళ్లీ అడిగాడు.

"లింగయ్య మంచివాడు అంటున్నాడు ముదీర్" అన్నాను.

"నాకు తెలుసు" అన్నాడు అబూ సమీర్. "అదే బాధ."

నేనూరుకోలేదు. ఆ సాయంత్రమే సూపర్ మార్కెట్ మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఇది పొరపాటేగానీ దొంగతనం కాదని రెండు లైన్లు రాసివ్వమని బతిమాలాను. ఈసారి టీ తెప్పించలేదు.

"భాయ్, అకౌంటు మూసేశాం. మూసిన అకౌంటు మీద నేనెలా రాస్తాను? పొరపాటని రాస్తే ఫీజు వాపస్ ఇవ్వాలి. హెడ్ ఆఫీసు ఒప్పుకోదు." ఫైలు మూస్తూ, "అయినా మీ కంపెనీకి చెప్పింది మేం కాదు. పోస్టులో పంపమన్నది నువ్వే" అన్నాడు.

మెట్లు దిగి వస్తుంటే కింద కౌంటర్ల దగ్గర మనవాళ్లు ఇంకెవరో నలుగురు ఒకే తోపుడుబండి చుట్టూ నిలబడి నవ్వుకుంటున్నారు. ఆగి, "ఎవరిది వాళ్లు విడిగా బిల్లు చేయించుకోండి" అని చెప్పాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

లింగన్న వెళ్లే రోజు ఎయిర్‌పోర్టు వ్యాను ముందు సూట్‌కేసు తాళ్లతో కడుతున్నారు. అన్నీ పెట్టాడు. అందరి చీరలు, అందరి గడియారాలు. తిరిగి రాడని తెలిసినా రూములో ఒక్కరి సామానూ వద్దనలేదు. ఆఖరున రాజేశం వచ్చాడు. బజారులో ఇంకో టార్చిలైటు కొన్నాడు. దాని మెడకు దారంతో బిల్లు కట్టాడు. కదిలించినా ఊడకుండా మూడు ముళ్లు వేశాడు.

"అరె, గిది జూస్తే పిలగాండ్లు నవ్వుతరు గదరా" అన్నాడు లింగన్న. కానీ విప్పలేదు. అలాగే సంచిలో పెట్టుకున్నాడు.

నేను సూట్‌కేసు అందుకుని వ్యానులో పెట్టాను. "అన్నా, ఆ రసీదు నేను అడగకపోయి ఉంటే..."

"ఊకో" అన్నాడు. "నా మంచికే అడిగినవ్. నువ్వు అడుగుతుంటే నాకు గొప్పగనే అనిపించింది. మా ఊళ్లె ఎవ్వడు గట్ల అడగడు." వ్యాను ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "తమ్మీ, నువ్వు చింపిన కాయితంల ఏం రాసినవో చెప్పనే లేదు."

"చెప్పమంటావా?"

"ఇప్పుడేం ఫాయిదా? పాస్ అయినంక చెప్పు. అప్పుడు వింట." మెట్‌పల్లిలో ఒక కిరాణా షాపు ఫోన్ నంబరు ఇచ్చాడు. పీపీ నంబరు. మనం చేస్తే షాపాయన మనిషిని పంపి పిలిపిస్తాడు.

మూడేళ్లు గడిచాయి. ఆ నంబరుకు నేను ఒక్కసారి కూడా చేయలేదు. పాస్ అయ్యాకే చేయమన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పేపరు తప్పినప్పుడు ఇంకో యేడు దొరికింది. నిజం చెప్పాలంటే ఆయన గొంతు వినడానికి ధైర్యం చాలలేదు. ఇంటికి వెళ్లి నడుము నొప్పని, దుబాయ్ వైద్యులు వద్దన్నారని చెప్పుకున్నాడట. ఇప్పుడు మెట్‌పల్లిలో కట్టే ఇళ్లకు సెంట్రింగ్ చేస్తున్నాడని రాజేశానికి ఉత్తరాలొస్తాయి. అక్కడ ఇనుప పైపులు కాదు, వెదురుబొంగులు.

ఆ తర్వాత అలాంటి ఉత్తరాలు పట్టుకుని మన క్యాంపులనుంచి చాలామంది నా దగ్గరికి వచ్చారు. ఒకరి నుంచి ఒకరికి తెలిసి వచ్చారు. మొదటివాడు రాగానే ఆ చింపిన జవాబే గుర్తు తెచ్చుకుని మళ్లీ టైపు చేశాను. ముందు వాళ్ల ముదీర్‌కి చెప్పించాను. తర్వాతే జవాబు పంపించాను. మీ వస్తువు మీకు అందింది, నష్టమేదో లెక్క చూపించండి అని. లెక్క ఒక్క షాపువాళ్లూ చూపించలేదు. పోలీసు దగ్గరికీ పోలేదు. రెండో ఉత్తరం కూడా రాలేదు. అంత వట్టి కాగితం అది. ఒక మనిషి ఉద్యోగం దానికి పోయింది.

నా వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. డబ్బు కట్టాక రసీదు అడగడం ఎవరైనా చెప్తారు, ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కట్టకముందు 'దేనికి' అని అడగాలి. రాజేశం ఆ రోజు మంచం మీద కూర్చుని అడిగింది అదే. ఆ ప్రశ్నను పట్టుకుని మేమందరం నిలబడాల్సింది. నవ్వి వదిలేశాం.

సంతోషంలో మొదలుపెట్టి ఎక్కడికో వచ్చాను. టెలిగ్రాం మళ్లీ తీసి చూసుకున్నాను. సెకండ్ క్లాసే! మారలేదు! ఇక టెలిఫోన్ ఆఫీసుకు పోవాలి. ట్రంకు కాల్స్ బుక్ చేయాలి. ఎవరెవరికి చేయాలో రాసుకుంటున్నాను:

శారదకు. తనకు తెలుసు, అయినా మొదటి ఫోన్ తనకే. ఫోన్ దగ్గర ఏడవొద్దని ముందే చెప్పాలి.

నాయనకు. సర్పంచ్ ఇంటికి. చెట్టు దిగి వచ్చే వేళ చూసి చేయాలి. అమ్మను కూడా పిలవమనాలి.

కోరుట్లలో టైపు నేర్పిన మాస్టారికి. ఆయనకు ఫస్ట్ క్లాసని చెప్తే బాగుండేది.

అబూ సమీర్‌కు. పక్కగదే, అయినా ఫోన్లోనే చెప్తాను. పాసైతే అకౌంట్స్‌లో వేస్తానన్నాడు.

రాజేశానికి. ఇప్పుడు ఖోర్ ఫక్కాన్ పోర్టులో ఉన్నాడు. క్యాంపు ఫోన్ ఎవరో ఒకరు తీసేదాకా మోగిస్తూనే ఉండాలి.

లింగన్నకు. మెట్‌పల్లి, కిరాణా షాపు, పీపీ. ఆయన ఇప్పుడు ఏ ఇంటి చట్రం మీద ఉన్నాడో, పిలిచి తేవడానికి ఎంతసేపు పడుతుందో. బిల్లు ఎంతైనా కానీ, మళ్లీ టైపు చేసిన ఆ జవాబు కాగితం చేతిలో పెట్టుకుని లైన్లోనే ఉంటాను.